రెనీరా, అలిసెంట్‌ల వైరానికి చరిత్రలో మూలం ఉందా?

‘హౌస్ ఆఫ్ ది డ్రాగన్’ ధారావాహికలో రెనీరా, అలిసెంట్ చిన్ననాటి స్నేహితురాళ్లుగా మొదలై, సవతి తల్లీ కూతుళ్లై, చివరికి ఒకరి పిల్లల ప్రాణాలు ఒకరు కోరే స్థితికి రావడానికి చరిత్రలో ఆధారం ఉందా, ఆ చరిత్ర తెలిస్తే పాత్రల మీద అభిప్రాయం మారుతుందా అని అడిగారు. సింహాసనం కోసం వారి మధ్య జరిగే యుద్ధానికి ఆధారం ఉంది. స్నేహానికి లేదు. అభిప్రాయం మాత్రం నా విషయంలో బాగానే మారింది, అది కూడా నేను ఊహించని పాత్ర గురించి. రెండు సీజన్ల కథా ఇక్కడ బయటపడుతుంది కాబట్టి చూడనివారు ఇక్కడే ఆగడం మంచిది.

ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీకి వారసుడు కాగల ఒక్కగానొక్క కొడుకు విలియం 1120 నవంబరు 25 రాత్రి ‘వైట్ షిప్’ అనే ఓడ మునిగి చనిపోయాడు. రాజుకు వివాహేతర సంతానం చాలామందే ఉన్నా, సింహాసనానికి హక్కున్నది కూతురు మటిల్డాకు ఒక్కదానికే. జర్మన్ చక్రవర్తి భార్యగా వెళ్లిన ఆమె వితంతువై తిరిగి వచ్చాక, 1127 జనవరిలో హెన్రీ తన సామంతులందరి చేత ఆమెనే వారసురాలిగా అంగీకరిస్తామని ప్రమాణం చేయించాడు. రెనీరా తండ్రీ అలిసెంట్ భర్తా అయిన రాజు విసెరిస్ ముందు ప్రభువులు ఒక్కొక్కరుగా మోకరిల్లి రెనీరాకు ప్రమాణం చేసే సన్నివేశానికి మూలం ఇదే. 1135 డిసెంబరు 1న హెన్రీ కన్నుమూస్తే, మూడు వారాలు తిరిగేసరికి డిసెంబరు 22న, ప్రమాణం చేసినవారిలో ముందువరుసలో ఉన్న మేనల్లుడు స్టీఫెన్ కిరీటం పెట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్ల అంతర్యుద్ధానికి బీజం అక్కడ పడింది.

ఇక సవతి తల్లి సంగతి. కొడుకు పోయిన మరుసటి సంవత్సరమే హెన్రీ మళ్లీ కొడుకు కోసం అడెలైజా అనే యువతిని పెళ్లాడాడు. ఆమెకూ మటిల్డాకూ వయసులో పెద్ద తేడా లేదు. దాదాపు పదిహేనేళ్ల ఆ కాపురంలో వారికి పిల్లలు కలగలేదు. రాజు పోయాక ఆమె స్టీఫెన్ పక్షంవాడైన విలియం డి ఆబిన్యీని పెళ్లి చేసుకుంది, అతడివల్ల పలువురు పిల్లల్ని కన్నది. 1139 శరదృతువులో మటిల్డా తన హక్కు కోసం సముద్రం దాటి ఇంగ్లండ్‌లో అడుగుపెట్టినప్పుడు ఆమెకు ఆరండెల్ కోట తలుపులు తెరిచింది ఈ అడెలైజాయే. స్టీఫెన్ సైన్యంతో వచ్చి కోటను చుట్టుముట్టేసరికి, తాను శత్రువులెవరినీ దేశంలోకి రప్పించలేదనీ, పాత పరిచయం ఉన్న పెద్దింటివారికి బస మాత్రమే ఇచ్చాననీ ఆమె చెప్పుకున్నట్లు వూస్టర్‌కు చెందిన జాన్ అనే చరిత్రకారుడు రాశాడు. భయం, ఆస్తి మీద ఆశ, పాత బంధం అన్నీ కలగలిసిన ఆ సంజాయిషీ నాకు ఎంతో మానవసహజంగా అనిపిస్తుంది. చివరికి స్టీఫెనే మటిల్డాను మనుషుల్ని తోడిచ్చి బ్రిస్టల్‌కు సాగనంపాడు.

అంటే చరిత్రలో సవతి తల్లి శత్రువు కాదు. ఎందుకు కాలేదన్నదే అసలు ప్రశ్న. అడెలైజా స్వభావం మంచిది, అలిసెంట్ స్వభావం చెడ్డది అనుకుంటే సరిపోదు. అడెలైజాకు హెన్రీ వల్ల కొడుకు పుట్టి ఉంటే ఆ కొడుకు చుట్టూ ఒక వర్గం తయారయ్యేది, ఆమె కోరినా కోరకపోయినా మటిల్డా ఆ పిల్లవాడికి ప్రమాదంగా మారేది. అలిసెంట్‌కు జరిగింది సరిగ్గా అదే. రెనీరా సింహాసనం ఎక్కితే నీ కొడుకుల్ని బతకనివ్వదని తండ్రి ఆటో హైటవర్ ఆమెకు నూరిపోస్తాడు. ఆ మాట అబద్ధమని చెప్పడానికి ఆమె దగ్గర ఏ ఆధారమూ లేదు. మాతృక అయిన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ గ్రంథం ‘ఫైర్ అండ్ బ్లడ్’లో అలిసెంట్ రెనీరా కంటే తొమ్మిదేళ్లు పెద్దది, ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ చెలిమి లేదు. ధారావాహిక నిర్మాతలు వారిని ఈడువారిని చేయడంతో, తెలిసో తెలియకో, మటిల్డా అడెలైజాల వయసులకు దగ్గరగా వచ్చారు. మొదటి సీజన్ మా అక్కా నేనూ కలిసి చూశాం. ఆమె అలిసెంట్ పక్షం, నేను రెనీరా పక్షం. అడెలైజా గురించి చదివి మళ్లీ చూసినప్పుడు, ఎనిమిదో భాగంలోని విందులో ఇద్దరూ పానపాత్రలెత్తి ఒకరినొకరు మెచ్చుకునే ఘట్టం నాకు నటనగా కాక నిజమైన రాజీగా కనిపించింది. ఆ బల్ల దగ్గర కొడుకులు లేకపోతే ఆ రాజీ నిలిచేదే.

నాకు పూర్తిగా రుచించనిది మరణశయ్య ఘట్టం. నల్లమందు మత్తులో విసెరిస్ తన పూర్వీకుణ్ని తలచుకుంటూ అన్న ‘ఏగన్’ అనే పేరును అలిసెంట్ తన కొడుకు పేరుగా అపార్థం చేసుకోవడం ఇంత పెద్ద యుద్ధానికి చాలా చిన్న కారణమని మొదట విసుక్కున్నాను. చరిత్రలో దీనికి జోడు హ్యూ బైగాడ్. హెన్రీ చనిపోయే ముందు మనసు మార్చుకున్నాడనీ, మటిల్డాకు చేసిన ప్రమాణం నుంచి అందరినీ విడుదల చేశాడనీ ఈ రాజోద్యోగి ఒట్టేసి చెప్పాడు. స్టీఫెన్‌కు అది ఎంత అనుకూలమో చెప్పనక్కర్లేదు. ఆ దృష్టితో చూస్తే తొమ్మిదో భాగంలో ఒక విషయం స్పష్టంగా తెలుస్తుంది. రాజు చివరి కోరిక ఇదని అలిసెంట్ మంత్రిమండలికి చెప్పేసరికే వారంతా ఏగన్ పట్టాభిషేకానికి ఎప్పటినుంచో ఏర్పాట్లు చేసుకుని ఉన్నారు. ప్రతి మంత్రి ముందూ ఉండే ఆ రాతి గోళం మీదే, అభ్యంతరం చెప్పిన ముసలి మంత్రి బీస్‌బరీ తలను అలిసెంట్ పక్షపు యోధుడు క్రిస్టన్ కోల్ బాది చంపుతాడు. అలిసెంట్ అపార్థం వారికి అవసరమే లేదు, అవసరమైంది ఆమెకే. రెండో సీజన్‌లో రెనీరా మారువేషంలో ప్రార్థనాలయానికి వచ్చి అసలు అర్థం విడమరిచి చెప్పినా ఆమె వెనక్కి తగ్గలేకపోవడం అందుకే.

అలిసెంట్‌లోని రెండో సగం, అంటే పోరాడే రాణి, అడెలైజా నుంచి రాలేదు. అది స్టీఫెన్ భార్య, ఆమె పేరు కూడా మటిల్డాయే. పైగా మన మటిల్డాకు పినతల్లి కూతురు, వరసకు చెల్లెలు. 1141 ఫిబ్రవరిలో లింకన్ వద్ద స్టీఫెన్ బందీ అయినప్పుడు ఈమె మొదట భర్త విడుదల కోసం బతిమాలింది, కాదనిపించుకుని సైన్యంతో లండన్ సమీపానికి వచ్చింది. లండన్ పౌరులు తిరగబడగా మన మటిల్డా పట్టాభిషేకం జరగకుండానే నగరం వదిలి పారిపోవలసి వచ్చింది. ఆ సెప్టెంబరులో మటిల్డా సవతి అన్న రాబర్ట్ వించెస్టర్ దగ్గర రాణి పక్షానికి చిక్కాడు, అతడిని వదిలి స్టీఫెన్‌ను విడిపించుకున్నారు.

స్టీఫెన్ పక్షాన రాసిన అజ్ఞాత చరిత్రకారుడు ఈ రాణికి పురుషుడి గుండెనిబ్బరం ఉందని మెచ్చుకుంటాడు. అదే కలంతో, తన ముందు వంగి నమస్కరించిన పెద్దల్ని చూసి మటిల్డా ఆసనం నుంచి లేవలేదని, స్త్రీసహజమైన సౌమ్యత ఆమెకు లేదని తిడతాడు. ఒకరి ధైర్యం భర్త కోసం, మరొకరిది తన కోసం. తేడా అంతే. రెండో సీజన్‌లో సలహాదారు ఆల్ఫ్రెడ్ బ్రూమ్‌ను రెనీరా చెంపదెబ్బ కొట్టినప్పుడు మా అక్క ‘అహంకారం’ అంది. నిండు సభలో రెనీరాను దూషించిన ప్రభువు వేమండ్ తల నరికిన ఆమె భర్త డేమన్‌ను మాత్రం అక్క ఆ మాట అనలేదు, నిజానికి నేనూ అనలేదు.