బ్యాండ్ పెడుతున్న మేనకోడలికి

బుజ్జీ,

నువ్వూ నీ స్నేహితురాళ్లూ కలిసి పంక్ బ్యాండ్, అదే, గోలగోలగా వాయించే రాక్ బ్యాండ్, పెడుతున్నారని మీ అమ్మ ఫోన్ చేసింది. ఇంట్లో దొంగలు పడ్డట్టే చెప్పింది. "అంతా నీ పోలికే అన్నయ్యా" అని చివర్లో ఒక దెప్పు కూడా. సరే, పోలిక నాదైనప్పుడు సలహా కూడా నాదే ఉండనీ.

మా బ్యాండ్ ఈ బరంపురంలో అయిదు నెలలు బతికింది. 1999 జూన్‌లో పుట్టి అక్టోబర్‌లో పోయింది. నలుగురం, నాకు పదిహేడేళ్లు. పేరు కోసం రెండు నెలలు కొట్టుకున్నాం. తయారైన పాటలు మూడు. అందుకని పేరు సంగతి ఆఖరికి చూసుకోండి.

గిటారు బాగా వచ్చాక మొదలుపెడదాం అనుకోవద్దు. అమెరికా పంక్ బ్యాండ్ రామోన్స్ మొదటి ఆల్బమ్ 1976లో వచ్చింది. పద్నాలుగు పాటలు, అన్నీ కలిపి అరగంట లేదు. వాళ్ల గిటారిస్టు జానీ రామోన్ దాదాపు ప్రతి దెబ్బా పైనుంచి కిందికే కొట్టేవాడు. పైకీ కిందికీ ఊపితే మణికట్టుకి హాయే గానీ, ఆ రంపపు కోత రాదు. రోజూ పది నిమిషాలు కిందికే కొట్టి చూడు, చెయ్యి పీకుతుంది, పీకితే ఆపెయ్.

పంక్ గిటారులో వాయించే పవర్ కార్డ్ అంటే కంగారు పడకు. అందులో ఉండేవి షడ్జమం, పంచమం, అంతే. అమ్మమ్మ శ్రుతిపెట్టెలో పొద్దున్నే మోగేవీ అవే. గాంధారం లేదు కాబట్టి అది మేజరూ కాదు, మైనరూ కాదు. డిస్టార్షన్, అంటే గిటారు సౌండుని కావాలని బొంగురు చెయ్యడం, పెంచినప్పుడు గాంధారం కూడా ఉంటే అంతా కలగాపులగం అవుతుంది. స, ప మాత్రం ఎంత గోలలోనైనా నిలబడతాయి.

మాకు ఆ డిస్టార్షన్ ఇచ్చే పెడల్ కొనే డబ్బుల్లేవు. మామూలు గిటారుకి, దాని మోతని వైరులోకి పంపే పికప్ అంటించి, ఆ వైరు తాతయ్య టేప్‌రికార్డర్ మైక్ సాకెట్‌లో గుచ్చి, రికార్డూ పాజూ కలిపి నొక్కేవాళ్లం. పాపం అది మోయలేక బొంగురుపోయి అరిచేది. నాకిప్పటికీ అంత మంచి సౌండు ఇంకెక్కడా దొరకలేదు.

కరెంటు విషయంలో మాత్రం నా మాట వినాలి. చవితి పందిట్లో మా గిటారుకి ఒక ఇంటి నుంచీ, మైకుకి ఇంకో ఇంటి నుంచీ లైను లాగాం. అందులో ఒకదానికి ఎర్తింగే లేదు. తీగల మీద చెయ్యి పెట్టి మైకుకి నోరు ఆనించాను. పెదవి మీద కందిరీగ కుట్టినట్టయింది. జనం అది కూడా పాటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. నవ్వకు, ప్రాణం పోయేది. ఎర్తింగ్ సరిగ్గా ఉన్న ఒకే బోర్డు నుంచి అన్నీ తీసుకోండి. ముందు ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.

ఇంకొకటి చెవులు. నా కుడి చెవిలో ఒక కీచురాయి కాపురం పెట్టింది, రాత్రిళ్లు బాగా వినిపిస్తుంది. 85 డెసిబెల్స్ మోత దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చంటారు. ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ టైము సగమవుతుంది. వంద దగ్గర పావుగంటే. దూది పనికిరాదు, ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి.

ఇప్పుడు అసలు సంగతి, పాటలు. చవితి పందిట్లో మొదటి రెండు పాటలు ఇంగ్లీషులో పాడాం. ఇంగ్లీషంటే టీవీలో విని నోటికొచ్చినట్టు అనుకున్నదే, మాకే అర్థం తెలీదు. జనం మర్యాదగా కూర్చున్నారు, అంతకంటే ఘోరం లేదు. మూడోది మా డ్రమ్మర్ కుళాయి దగ్గర క్యూలో కట్టింది. "పాణి ఆసిని, నీళ్లు రాలేదు, పాణి ఆసిని, బిందె నిండలేదు." ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, రెండూ కలిపి అరవడమే. రెండోసారి అనేసరికి ముందు వరసలో ఆడవాళ్లు అందుకున్నారు. నాలుగోసారికి మా గొంతులు వాళ్ల గొంతుల్లో వినపడలేదు. ఆ తర్వాత పందిరి పెద్దలు మైకు కట్టేశారనుకో, అది వేరే కథ. మీ ముగ్గురూ ఎలా మాట్లాడుకుంటారో అలాగే రాసుకోండి. హాస్టల్ సాంబారు మీద రాయండి, ట్యూషన్ మాస్టారి మీద రాయండి. లండన్ వానల మీద వద్దు.

దసరాకి రెండో షో అనుకున్నాం. ఆ వారంలోనే గోపాల్‌పూర్ దగ్గర తుఫాను తీరం దాటింది. మేం వాయించుకునే రేకుల షెడ్డు పైకప్పు వీధి చివర దొరికింది. అడిగినవాళ్లకి తుఫాను వల్లే పోయిందని చాలా ఏళ్లు చెప్పాను. అబద్ధం. అంతకు వారం ముందే, ఎవరు ముందు నిలబడి పాడాలన్న దాని మీద డ్రమ్మర్‌తో మాటలు మానేశాను. అది వాడి పాట, వాడే పాడాలి. ఆ మాట వాడితో అనడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. మీలో ఎవరికైనా అలిగినట్టు అనిపిస్తే, ప్రాక్టీసు ఆపేసి దహీబరా తినడానికి వెళ్లండి. డబ్బులు నేను పంపిస్తాను.

ప్రతి ప్రాక్టీసూ ఫోన్‌లో రికార్డు చెయ్యండి, చెత్తగా వచ్చినా చెరపొద్దు. మాది ఒకే ఒక్క క్యాసెట్ మిగిలింది. దాన్ని ఫైలు చేయించి ఈ ఉత్తరంతో పాటు పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. నీళ్ల పాట మూడో నిమిషంలో వెనకాల ఒక చిన్నపిల్ల గొంతు వినిపిస్తుంది, "అన్నయ్యా, అన్నం చల్లారిపోతోంది, అమ్మ కర్ర పట్టుకుంది" అని. ఆ పిల్ల తిట్టడానికి వచ్చి, కోరస్ అయ్యేదాకా వెళ్లలేదు. మీ అమ్మ ఇంకోసారి గోల చేస్తే ఆ ముక్క వినిపించు.

మీ మావయ్య