బాగాలేని ఫోటోలు పారెయ్యకు, బిడ్డా

బిడ్డా,

ఆఫీసుకు ఆరు నెలలు సెలవు పెట్టి పాతబస్తీ ఫోటోలు తీస్తానన్నావని మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. ఆమెకు ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాక భయం నాకు పట్టుకుంది. గర్వం కూడా ఉందిలే, అది తర్వాత. "ముందు నా స్టైల్ ఏంటో తేల్చుకుని మొదలుపెడతా" అన్నావట. పంట రాకముందే గింజలు కొలుస్తావా? స్టైల్ నీ ఫోటోల్లోంచి బయటపడాలి. అందుకు ముందు ఫోటోలు ఉండాలి కదా.

చిన్న సంగతులు: రెండు బ్యాటరీలు, రా ఫైళ్లు (కెమెరా కుదించకుండా దాచేవి), రెండు హార్డ్ డిస్కులు, అందులో ఒకటి మీ అమ్మ దగ్గర. కొత్త లెన్స్ ఈఎంఐ మీద కొన్నావో, నాతో మాట్లాడకు. నీది ఏపీఎస్-సీ సెన్సర్, అంటే పాత ఫిల్మ్ ఫ్రేము కంటే చిన్నది కాబట్టి 35 ఎంఎం లెన్స్ పెడితే 50 లాగా కనిపిస్తుంది, అది చాలు. జూమే ఉంటే 35 దగ్గర తిప్పి టేపు వేసెయ్. ఆరు వారాలు ఆ టేపు పీకొద్దు.

హద్దులంటే చిరాకు పడతావని తెలుసు. ఆరో నిజాం 'ముసవ్విర్ జంగ్' బిరుదు ఇచ్చిన రాజా దీన్‌దయాళ్ ఫోటోలు చూడు. గోడలు నిటారుగా, మనుషులు కదలకుండా ఉంటారు. మూడు కాళ్ల మీద బరువైన కెమెరా, ఒక్కో ఫోటోకు ఒక్కో గాజు పలక. ఆ నెమ్మది సగం ఆ పెట్టె నేర్పిందే అని నా నమ్మకం.

చోటు కూడా ఒక్కటే పెట్టుకో. గాజుల దుకాణాల లాడ్ బజార్ అనుకుందాం. చార్మినార్ నుంచి పడమరకు పోతుంది కాబట్టి సాయంత్రం ఎండ వీధి పొడవునా ఎదురొస్తుంది. పడమర తిరిగితే మనుషులు నీడలవుతారు, తూర్పు తిరిగితే మొహాలు వెలుగుతాయి. వారం వారం ఒక్కో వైపే తియ్యి. చీకటి పడ్డాక దుకాణాల ఎల్‌ఈడీ లైట్లతో జాగ్రత్త. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ వేగం సెకనులో 500వ వంతు పెట్టావంటే ఫోటోకు అడ్డంగా చారలొస్తాయి. 100వ వంతుకు దించు. గాజులు తొడిగే చెయ్యి కాస్త చెదురుతుంది, చెదరనీ. అద్దాల గాజుల మెరుపుకు కెమెరా మోసపోయి ఫోటోను చీకటి చేస్తుంది, వెలుగు పెంచే ఎక్స్‌పోజర్ మీట ప్లస్ 0.7 మీద పెట్టు. లైటు రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకు. ఫోటోకో రంగు వస్తే ఏది నీ ఇష్టమో, ఏది కెమెరా ఇష్టమో తెలీదు. ఇంతా చేసి, దుకాణంవాళ్లను అడక్కుండా మాత్రం తియ్యకు.

ఇక అసలు సంగతి, మా తరంలో చాలామందిమి చేసిన తప్పు. రీలుకు 36 ఫోటోలు. ఆరేసి ఫోటోల ముక్కలుగా కత్తిరించిన నెగటివ్‌లను కాగితం మీద పరిచి, అన్నీ చిన్నగా ఒకేచోట కనిపించే కాంటాక్ట్ షీట్ వేసేవాళ్లం. ఆ రాత్రే ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చునేవాళ్లం. ఏవి ఎంచేవాళ్లమో తెలుసా? పోటీల్లో నెగ్గే ఫోటోల్లాంటివి: ముసలాయన ముడతలు, పొగలో ఎండ చారలు, సూర్యుడి ముందు పడవ. మిగతా ముక్కలు చెత్తబుట్టలోకి. ఏళ్లు గడిచాక పెట్టె తెరిస్తే అన్నీ మంచి ఫోటోలే, ఎవరు తీశారో చెప్పలేం. నా పెట్టె కూడా అంతే.

ఎందుకలా? తీసిన రోజు కంటికి ఫోటో కనిపించదు. పడ్డ ఎండ, ఎదుటివాళ్లు నవ్విన నవ్వు గుర్తొస్తాయి. అవి ఫోటోలో ఉండవు. పైగా ఇదివరకు ఎక్కడా చూడనిది ఏదైనా తప్పులాగే కనిపిస్తుంది. ఇప్పుడు చెత్తబుట్ట నీ కెమెరా వెనకే ఉంది, బొటనవేలి కింద. అందుకే చెబుతున్నా, అక్కడ ఒక్కటి కూడా డిలీట్ చెయ్యకు.

మూడు వారాలు ఆగి, 120 ఫోటోలు 4×6 సైజులో, మెరుపు లేని మ్యాట్ కాగితం మీద వేయించు. నేల మీద పరిచి, ముందు నీకు బాగా నచ్చిన పది తీసి పక్కన పెట్టు. మిగిలినవి లెక్కపెట్టు. వెనక నుంచి తీసినవెన్ని? ఎన్ని అడుగుల దూరం? ఖాళీ ఎటు వదిలావు? ఏ రంగు మళ్లీ మళ్లీ వచ్చింది? 120లో 30 మంది వీపులే ఉన్నాయనుకో, నీకు సిగ్గయినా కావాలి, లేదా వాళ్లు చూసేది చూడాలనైనా ఉండాలి. ఏదైనా ఫర్వాలేదు, వచ్చే వారం కావాలనే వెనక నిలబడు. నెల తర్వాత మళ్లీ నేల మీద పరిచి చూడు.

ఒకటి మాత్రం ఒట్టు వేసి చెప్పు. కన్ను కెమెరాలో పెట్టి వెనక్కి అడుగు వెయ్యవు. మదీనా చౌరస్తా దగ్గర బస్సులు నీ ఫ్రేము కోసం ఆగవు. ఇది రాయడానికే నిన్నటి నుంచి నాకు నిద్ర లేదు.

మొదటి 120 వేయించగానే ఆదివారం ఇంటికి తీసుకురా. హాల్లో మంచం జరిపిస్తా, నేల చాలుతుంది. బాగాలేనివి తీసేసి తెచ్చావో, నాకు తెలిసిపోతుంది.

మీ పెద్దనాయన