లండన్ మేయర్ మూడోసారి నిలబడినప్పుడు నేను ఏం చూసి ఓటు వేశాను

పదవిలో ఉన్న మేయర్ మళ్ళీ పోటీ చేస్తుంటే ఆయన పనితీరును ఎలా అంచనా వేయాలి, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి అని అడిగారు.

నేను లండన్‌లో ఈస్ట్ హామ్‌లో ఉంటాను. నాది ఇండియన్ పాస్‌పోర్టే. ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్న కామన్వెల్త్ పౌరులకు ఓటు ఉంటుందని మనవాళ్ళలో చాలామందికి తెలియదు. స్టూడెంట్ వీసా, వర్క్ వీసా అయినా సరే. 2024 మే 2న సాదిక్ ఖాన్ మూడోసారి నిలబడినప్పుడు నేనూ ఓటు వేశాను. నా సలహా ఒక్కటే: ముందు మేయర్ చేతిలో ఏముందో తెలుసుకోండి, తర్వాతే లెక్క కట్టండి.

మన దగ్గర మేయర్‌ను కార్పొరేటర్లు ఎన్నుకుంటారు, పరిపాలన పగ్గాలు ఎక్కువగా కమిషనర్ దగ్గర ఉంటాయి. లండన్‌లో జనమే నేరుగా ఎన్నుకుంటారు. బస్సులు, ట్యూబ్ (భూగర్భ రైళ్ళు), పోలీసు బడ్జెట్, ఇళ్ళ ప్రణాళిక ఆయన పరిధిలోవి. చెత్త, స్కూళ్ళు, వీధి దీపాలు మాత్రం 32 బరోల (నగరంలోని స్థానిక విభాగాల) కౌన్సిళ్ళు చూసుకుంటాయి. మా న్యూహామ్ బరోకైతే విడిగా ఇంకో మేయర్ కూడా ఉంటారు! చెత్త తీయలేదని ఖాన్‌ను తిట్టేవాళ్ళను నేను బోలెడుమందిని చూశాను.

ఆయన ఎక్కడి నుంచి వచ్చారో కూడా చూశాను, ఎందుకంటే ప్రాధాన్యాలు అక్కడే మొదలవుతాయి. పాకిస్తాన్ నుంచి వచ్చిన కుటుంబం, నాన్న బస్సు డ్రైవర్, అమ్మ బట్టలు కుట్టేవారు, ఎనిమిదిమంది పిల్లలు, కౌన్సిల్ ఇల్లు (స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చేది). మానవ హక్కుల లాయరుగా పనిచేసి, 1994లో వాండ్స్‌వర్త్ కౌన్సిలర్, 2005లో టూటింగ్ ఎంపీ, తర్వాత రవాణా శాఖలో సహాయ మంత్రి, 2016లో మేయర్ అయ్యారు. వచ్చిన ఏడాదే సెప్టెంబరులో హాపర్ ఫేర్ పెట్టారు. నేను కేర్ హోమ్ డ్యూటీకి రెండు బస్సులు మారి వెళ్ళేదాన్ని. మొదటి బస్సులో కార్డు ఆనిస్తే టికెట్ డబ్బులు (2024లో 1.75 పౌండ్లు) పోయేవి. గంటలోపు ఎక్కిన రెండో బస్సులోనూ బీప్ మనేది కానీ డబ్బులు కట్ అయ్యేవి కావు. నెల తిరిగేసరికి కూరగాయల ఖర్చు అందులోనే తేలిపోయేది. ఇది పూర్తిగా ఆయన ఖాతాలో వేయాల్సిన పని.

2023 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ ప్రైమరీ స్కూలు పిల్లలందరికీ మధ్యాహ్న భోజనం ఉచితం చేశారు. మంచి పనే. కానీ మా న్యూహామ్‌లో అంతకు చాలా ముందు నుంచే కౌన్సిల్ ఆ భోజనం పెడుతోంది. కాబట్టి మా వీధి పిల్లల భోజనం ఆయన గొప్ప కాదు. పక్క బరోలో ఇల్‌ఫర్డ్‌లో ఉండే మా స్నేహితురాలికి మాత్రం నిజంగానే ఖర్చు తగ్గింది.

అసలు గొడవంతా యూలెజ్ మీద, అంటే పొగ ఎక్కువ వదిలే పాత బండ్లకు రుసుము వేసే ప్రాంతం. పాత వాహనం తిప్పితే రోజుకు 12.50 పౌండ్లు, అప్పటి లెక్కలో దాదాపు 1,300 రూపాయలు. 2019లో నగరం మధ్యలో మొదలై, 2021లో మా దాకా వచ్చి, 2023 ఆగస్టు 29న లండన్ మొత్తానికీ పాకింది. ఆ జులైలో పశ్చిమ లండన్‌లోని అక్స్‌బ్రిడ్జ్ ఉపఎన్నికలో ఆయన లేబర్ పార్టీ 495 ఓట్ల తేడాతో ఓడింది. దానికి కారణం ఇదేనని సొంత పార్టీ పెద్దలే అన్నారు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. లూయిషమ్‌లో 2013లో చనిపోయిన తొమ్మిదేళ్ళ ఎల్లా విషయంలో, ఆ మరణానికి గాలి కాలుష్యమూ ఒక కారణమని 2020లో కరోనర్ (మరణాలపై విచారణ చేసే అధికారి) తేల్చారు. ఆస్తమా ఉన్న పిల్లల తల్లిగా నాకు ఆ మొండితనం నచ్చింది. కానీ పాత వ్యాన్ మీద బతికే ప్లంబర్ల సంగతేంటి? పాత బండి తుక్కుకిస్తే డబ్బిచ్చే పథకాన్ని అమలుకు ఒక్క వారం ముందు గానీ లండన్‌వాసులందరికీ తెరవలేదు. అది ఆరు నెలల ముందే జరగాల్సింది.

కత్తిపోట్ల విషయంలో నాకు తృప్తి లేదు. పోలీసు నిధుల్లో పెద్ద వాటా కేంద్రానిదే, నిజమే. కానీ ఎనిమిదేళ్ళు ప్రాధాన్యాలు నిర్ణయించింది ఆయన. మళ్ళీ గెలిస్తే పేటల్లో 1,300 మంది పోలీసు సిబ్బందిని పెంచుతానని, 2030 నాటికి 40,000 కౌన్సిల్ ఇళ్ళు కట్టిస్తానని చెప్పారు. ఇవి రెండూ లెక్కపెట్టి అడగగలిగే మాటలు, అందుకే రాసి పెట్టుకున్నాను. అద్దెలకు కళ్ళెం వేయడం మాత్రం చట్టం మారితే తప్ప ఏ మేయర్ వల్లా కాదు. అద్దెలు అదుపు చేస్తానని ఏ మేయర్ అభ్యర్థి చెప్పినా నమ్మకండి.

చివరికి ఖాన్‌కు 43.8 శాతం, కన్జర్వేటివ్ అభ్యర్థి సూజన్ హాల్‌కు 32.7 శాతం ఓట్లు వచ్చాయి. తర్వాతి ఎన్నిక 2028 మేలో. ఓటరు నమోదు ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ దగ్గర పెట్టుకోండి. పోలింగ్ రోజు ఇండియన్ పాస్‌పోర్టును ఐడీగా తీసుకుంటారు. పైగా ఓటరు జాబితాలో పేరుంటే క్రెడిట్ స్కోరుకూ మంచిది.