కొమ్మ లాగని చిప్పర్‌కు వారంటీ వర్తిస్తుందా?

ప్రశ్న: ట్రాక్టర్ పీటీఓకు (పనిముట్లను తిప్పే వెనక షాఫ్టుకు) తగిలించి కొమ్మల్ని ముక్కలు చేసే చిప్పర్ కొని నాలుగు నెలలైంది. మొదట్లో బాగానే పనిచేసింది. ఇప్పుడు చేతి మందం కొమ్మ పెట్టినా రోలర్ దానిమీద జారుతూ తిరుగుతోందే తప్ప లోపలికి లాగడం లేదు. డీలర్‌ని అడిగితే బ్లేడ్లు మొద్దుబారాయని, వాటికి వారంటీ లేదని అంటున్నాడు. మా బావమరిది రోలర్‌కు ఇనుప పళ్లు వెల్డింగ్ చేస్తానంటున్నాడు. అప్పుడప్పుడు పక్క తోటలకు కిరాయికి కూడా తిప్పుతుంటాను. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. కానీ ముందు ఆ వెల్డింగ్ ఆపించండి. మెషిన్‌లో మార్పులు చేస్తే వారంటీ పోతుందన్న షరతు చాలా వారంటీ కార్డుల్లో ఉంటుంది. రేపు ఆ పళ్లకు ఎవరి చేయైనా చిక్కుకుంటే పరిహారం అడగడమూ కష్టమే. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 87వ సెక్షన్ ప్రకారం, హాని జరిగిన సమయానికి వస్తువును మార్చి ఉంటే అమ్మకందారుపై ఉత్పత్తి బాధ్యత దావా (లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం అడిగే దావా) నిలవదు.

ఇక డీలర్ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. పదునైన బ్లేడు కొమ్మను కోస్తూనే లోపలికి గుంజుతుంది. మొద్దుబారితే ఆ లాగుడు పోయి భారమంతా రోలర్ మీద పడుతుంది. మెషిన్ కక్కిన ముక్కల్ని గుప్పెడు తీసి చూడండి. అంచులు నున్నగా తెగాయా, లేక పీచుపీచుగా, పొట్టులా వస్తున్నాయా? పీచు వస్తుంటే బ్లేడో, బ్లేడుకీ దాని ఎదురు పట్టీకీ మధ్య సందో కారణం కావచ్చు.

మీ ఉత్తరంలో రోలర్ తిరుగుతోందని రాశారు. నాకు పనికొచ్చిన మాట అదే. బరువు పడగానే రోలర్ ఆగిపోతుంటే హైడ్రాలిక్ ఆయిల్‌నో, ప్రెషర్‌నో, పీటీఓ వేగం తగ్గడాన్నో అనుమానించాలి. కొన్ని మోడళ్లలో వేగం పడిపోతే కొమ్మను లోపలికి లాగడం దానంతటదే ఆగేలా ఏర్పాటు ఉంటుంది, అది లోపం కాదు. మీ రోలర్ తిరుగుతూ జారుతోంది కాబట్టి, బ్లేడ్లతో పాటు చూడాల్సినవి రోలర్‌ను కిందికి అదిమే స్ప్రింగులు, దాని సొంత పళ్ల మధ్య ఇరుక్కున్న బెరడు. ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, బ్లేడ్ల చక్రం పూర్తిగా నిలిచాకే దగ్గరికి వెళ్లండి. పీటీఓ ఆపినా ఆ చక్రం చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఒక చిన్న ఖర్చు పెట్టమంటాను. కొత్త బ్లేడ్ల సెట్ బిల్లుతో కొని, డీలర్ మెకానిక్ చేతే బిగించమనండి. పాతవి సాన పట్టించకుండా దాచండి. తర్వాత మాన్యువల్‌లో చెప్పిన వేగంతో (చాలా మెషిన్లకు పీటీఓ నిమిషానికి 540 చుట్లు) నడిపి, ట్రాక్టర్ మీటరూ కొమ్మ జారడమూ కనిపించేలా ఒకే వీడియో తీయండి. కొమ్మ చక్కగా లోపలికి పోతే కేసే లేదు, టెన్షన్ వద్దు. అప్పటికీ జారితే 'బ్లేడ్లే కారణం' అన్న వాదన నిలబడదు. మెకానిక్ ఏం చూశాడో జాబ్ కార్డులో (డీలర్ ఇచ్చే మరమ్మతు వివరాల కాగితంలో) రాయించుకోవడం మరవకండి. నోటిమాట కమిషన్ ముందు చెల్లదని కాదు గానీ, కాగితం ఉంటే వాదన తేలిక.

కిరాయి సంగతి. వాణిజ్య అవసరానికి కొన్నవారు వినియోగదారులు కారని అవతలి లాయర్ తప్పకుండా అంటారు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే వాడుకుంటే అది వాణిజ్య అవసరం కిందికి రాదని అదే చట్టం 2(7) సెక్షన్ వివరణలోనే ఉంది. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు రైతులనూ వినియోగదారులుగానే గుర్తించింది. మెషిన్ మీరే నడుపుతున్నారని, కిరాయి అప్పుడప్పుడేనని ఫిర్యాదులో రాయండి. నలుగురు కూలీలను పెట్టి రోజూ తిప్పే వ్యాపారమైతే మాత్రం నా జవాబు ఇంత ధీమాగా ఉండదు.

చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు, 5 లక్షల వరకు ఫీజు లేదు. డీలర్ ఊరికి వెళ్లక్కర్లేదు, మీరుండే చోటే వేయొచ్చు. గడువు 2 ఏళ్లు. మరమ్మతు, మార్పిడి, ధర వాపసు, నష్టపరిహారం అడగొచ్చు.

ముందుగా డీలర్‌కూ తయారీదారుకూ స్పీడ్ పోస్టులో 15 రోజుల నోటీసు పంపండి. అందులో 'మెషిన్ పనిచేయట్లేదు' అని ఊరుకోకుండా, 'ఫలానా తేదీన మీ మెకానిక్ కొత్త బ్లేడ్లు బిగించాక కూడా రోలర్ కొమ్మపై జారుతోంది' అని రాయండి.