మూడో భాగం కోసం ఎదురుచూస్తున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

కుర్ర స్పైడర్-మ్యాన్ మైల్స్ మోరాలెస్ మూడో యానిమేషన్ సినిమా మీద ఆశ పెట్టుకోవాలా వద్దా అని అడిగావు. నీ స్నేహితులేమో మూడో భాగం ఎప్పుడూ బోల్తా పడుతుందంటున్నారు. నువ్వేమో రెండోది అంత బాగా తీసినవాళ్లు దీన్ని పాడుచెయ్యరంటున్నావు. రెండూ గాల్లో మాటలే. ఆశ పెట్టుకో, అనుమానమూ పెట్టుకో. కానీ రెండింటికీ కంటికి కనిపించే ఆధారం ఒకటి ఉండాలి.

ముందు ఒక నోటుబుక్కు తీసుకుని రెండో సినిమా 'అక్రాస్ ద స్పైడర్-వర్స్' మళ్లీ చూడు. చూస్తూ, అది మూడో సినిమా నెత్తిన ఏమేం బాకీలు పెట్టి వెళ్లిందో రాసుకో. మైల్స్ తన ఇల్లనుకుని దిగింది తన లోకంలో కాదు, ఎర్త్-42 అనే ఇంకో లోకంలో. అక్కడ నాన్న లేడు, బాబాయి ఆరన్ బతికే ఉన్నాడు, ప్రౌలర్ అనే విలన్ ముసుగు వేసుకున్నది ఇంకో మైల్స్. మొదటి సినిమాలో మన వాణ్ని కుట్టిన సాలీడు మీద ఉన్న 42 అంకెకి అర్థం అక్కడ తేలింది. ఆ సాలీడు చేరాల్సిన లోకం అదీ. ఇప్పుడు స్పైడర్-మ్యాన్ లేకుండా పోయిన ఆ ఊరికి ఎవరు దిక్కు అన్నది ఒక బాకీ.

ఇంకొకటి అమ్మ రియో. తాను స్పైడర్-మ్యాన్‌నని మైల్స్ ఎట్టకేలకు నోరు విప్పి చెప్పింది వేరే లోకపు అమ్మకి. అసలు అమ్మకి ఆ సంగతి ఇప్పటికీ తెలియదు. పోరాటాల హోరులో ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద బాకీ ఇదే. మేడ మీద పార్టీలో ఆమె కొడుకుతో మాట్లాడే దృశ్యం ఒక్కటీ మళ్లీ చూడు, నీకే తెలుస్తుంది. మూడో సినిమాలో ఎన్ని లోకాలు కూలినా, ఆ ఇంటి తలుపు తట్టి వాడు ఆ మాట చెప్పే దృశ్యం సరిగా పండకపోతే సినిమా గెలిచినట్టు కాదు.

కెప్టెన్ల సంగతి మరింత జాగ్రత్తగా గమనించు. స్పైడర్-మ్యాన్‌కి దగ్గరివాడైన పోలీసు కెప్టెన్ చనిపోయి తీరాలని, అడ్డుకుంటే లోకమే చెదిరిపోతుందని అన్ని లోకాల స్పైడర్-మ్యాన్‌ల దళానికి నాయకుడైన మిగెల్ అంటాడు. మైల్స్ నాన్న జెఫర్సన్ కెప్టెన్ కాబోతున్నాడు. ముంబై లాంటి ఊరున్న ఇంకో లోకం ముంబాట్టన్‌లో ఇన్‌స్పెక్టర్ సింగ్‌ని మైల్స్ కాపాడితే అక్కడి నేలలో గొయ్యి తెరుచుకుంది, అది నిజమే. కానీ అంతకు కాసేపటి క్రితమే విలన్ స్పాట్ అక్కడి కొలైడర్ (లోకాల మధ్య దారి తెరిచే యంత్రం) శక్తినంతా ఒంట్లోకి లాక్కున్నాడు. గొయ్యికి కారణం ఎవరు? పైగా ఇంకో లోకంలో స్పైడర్ శక్తులున్న అమ్మాయి గ్వెన్ నాన్న పోలీసు ఉద్యోగానికే రాజీనామా ఇచ్చేశాడు. అంటే ఆయన ఇక కెప్టెన్‌గా ఉండడు, గ్వెన్ లోకానికీ ఏమీ కాలేదు. మిగెల్ సిద్ధాంతంలో బొక్క ఉందని సినిమాయే మన చేతికి రెండు ఆధారాలు ఇచ్చి పెట్టింది. మూడో భాగం వీటికి జవాబు చెబుతుందా, గాలికి వదిలేస్తుందా అన్నదే నీ అసలు కొలబద్ద. మిగతా ఊహలన్నీ దీని తర్వాతే.

ఆలస్యం గురించి. నీ స్నేహితుల అనుమానానికి మూలం అదే కదా. మొదటి సినిమా 2018 డిసెంబరులో, రెండోది 2023 జూన్‌లో వచ్చాయి. నాలుగున్నరేళ్లు. అలాంటిది మూడోదాన్ని తొమ్మిది నెలల్లో, 2024 మార్చిలో ఇస్తామన్నప్పుడే అనుమానించాల్సింది. 2023 జులైలో హాలీవుడ్ నటుల సమ్మె మొదలైంది, అదే నెలలో ఆ తేదీని తీసేశారు. ఇప్పుడు 2027 అంటున్నారు. ఈ వాయిదాని నేను మంచి లక్షణంగానే చూస్తాను. ఎందుకంటే మూడో భాగాల్ని ముంచింది వాయిదాలు కాదు, తేదీ కోసం పడ్డ తొందర. 'ఎక్స్-మెన్' మూడో సినిమా చూడు. మొదటి రెండూ తీసిన బ్రయాన్ సింగర్ 'సూపర్‌మ్యాన్ రిటర్న్స్'కి వెళ్లిపోయాడు. మాథ్యూ వాన్ వచ్చి, షూటింగు మొదలవకముందే తప్పుకున్నాడు. చివరికి బ్రెట్ రాట్నర్ చేతికి ఏడాది కూడా లేదు. తేదీ మాత్రం 2006 మే నుంచి కదల్లేదు. ఒకే సినిమాలో జీన్ గ్రే కథ, ఎక్స్-మెన్ శక్తుల్ని పోగొట్టే మందు కథ రెండూ ఇరికించి, ముఖ్య నాయకుల్లో ఒకడైన సైక్లాప్స్‌ని మధ్యలో గాలికొదిలేశారు. అలాంటి వార్త వింటే అనుమానపడు, తప్పు లేదు.

'స్పైడర్-మ్యాన్ 3'ది వేరే రోగం. దర్శకుడు శామ్ రైమీయే, నటులూ వాళ్లే. కానీ శాండ్‌మ్యాన్, హ్యారీ, వెనమ్ ముగ్గురూ ఒకే సినిమాలో. వెనమ్ మీద తనకు మనసు లేదని రైమీ తర్వాత బాహాటంగానే చెప్పాడు. కాబట్టి మూడో సినిమా వార్తల్లో కొత్త విలన్ల పేర్లు ఒకటి తర్వాత ఒకటి వస్తుంటే జాగ్రత్తపడు. స్పాట్, మిగెల్, ప్రౌలర్ మైల్స్ ఇప్పటికే ఉన్నారు. నాలుగో మనిషికి చోటు లేదు.

దర్శకుల పేర్లు కూడా చూసుకో. మొదటి సినిమా ముగ్గురు దర్శకుల్లో బాబ్ పెర్సికెట్టి ఒకడు, రెండోదాని ముగ్గురిలో జస్టిన్ థాంప్సన్ ఒకడు. మూడోది వీళ్లిద్దరి చేతిలో ఉంది. రాత ఫిల్ లార్డ్, క్రిస్ మిల్లర్ వైపునే ఉంది. కథ తెలిసిన చేతులే, ఇది ఆశకి గట్టి ఆధారం. అనుమానానికీ ఒకటి ఉంది. రెండో సినిమా చివరి నెలల్లో మార్పుల మీద మార్పులతో ఆర్టిస్టులు నలిగిపోయారని, చాలామంది మధ్యలోనే మానేశారని 2023లో వార్తలొచ్చాయి. వాళ్ల కష్టం తెలిసిన అభిమాని "ఇంకెప్పుడు ఇస్తారు" అని ఆర్టిస్టుల ఖాతాల కింద గొడవ చెయ్యడు. నువ్వూ చెయ్యకు.

ట్రైలర్ వచ్చాక దాన్ని సినిమాగా లెక్కేసి తీర్పు ఇవ్వొద్దు. 2011 డిసెంబరులో 'ద డార్క్ నైట్ రైజెస్' మొదటి ఆరు నిమిషాలు ఐమాక్స్‌లో చూపిస్తే, విలన్ బేన్ మాటలు ఒక్కటీ అర్థం కావట్లేదని గోలైంది. 2012 జులైలో సినిమా వచ్చేసరికి ఆ గొంతు స్పష్టంగానే వినిపించింది. ట్రైలర్లు దాచిపెడతాయి కూడా. 'స్పైడర్-మ్యాన్: నో వే హోమ్' ట్రైలర్ బ్రెజిల్ ప్రతిలో ఎవరూ కొట్టకుండానే విలన్ లిజర్డ్ తల పక్కకి తిరిగింది. అక్కడ ఉన్న మనిషిని చెరిపేశారని అభిమానులు పట్టేశారు. పాత స్పైడర్-మ్యాన్ ఆండ్రూ గార్‌ఫీల్డ్ మాత్రం సినిమా వచ్చేదాకా తాను లేనని చెబుతూనే వచ్చాడు. కాబట్టి నటుల ఖండనల్ని సాక్ష్యంగా తీసుకోకు. ఎవరో చూసొచ్చామని రాసే లీకుల్ని అసలే తీసుకోకు. నీ నోటుబుక్కులోని బాకీల్లో ఒక్కదానికీ సంబంధం లేని లీకు చదవడం వల్ల పైసా లాభం లేదు. సంబంధం ఉంటే చదివి నష్టపోతావు.

విడుదలకి వారం ముందు మొదటి సినిమా చూడు, 117 నిమిషాలు. మూడు రోజుల ముందు రెండోది, 140 నిమిషాలు. రెండూ కలిపి కొత్త సినిమా రోజే చూశావంటే, థియేటర్లో కూర్చునేసరికి కళ్లు అలిసిపోయి ఉంటాయి. మొదటిదాన్లో ఒక్క విషయం పట్టుకో. అడవిలో మైల్స్‌కి నేర్పే పెద్ద స్పైడర్-మ్యాన్ పీటర్ వెనకాల మైల్స్ దారం పట్టుకుని ఊగే చోట పీటర్ కదలిక నున్నగా ఉంటుంది, మైల్స్‌ది తడబడుతుంది. పీటర్‌కి సెకనుకి 24 బొమ్మలు, మైల్స్‌కి 12, ఒక్కో బొమ్మ రెండు ఫ్రేముల పాటు నిలబడుతుంది. చివర్లో మేడ మీంచి దూకాక వాడికీ కదలిక కుదురుకుంటుంది. రెండోదాన్లో గ్వెన్ గదిని చూడు. నాన్నతో మాట పెగలనప్పుడు గోడల రంగులు నీళ్లు కలిపినట్టు కిందికి కారుతుంటాయి. ఇద్దరూ దగ్గరయ్యాక రంగు మారిపోతుంది. కథలో సగం ఈ రంగుల్లోనే ఉంది. మూడోదాన్లో స్పాట్ సిరా మరకలు ఎలా మారతాయో చూడ్డానికి కన్ను ఇప్పుడే అలవాటు చేసుకో.

'నో వే హోమ్', 'అక్రాస్' రెండూ మన దగ్గర అమెరికా కన్నా ఒకరోజు ముందే విడుదలయ్యాయి. ఈసారీ అలాగే వస్తే మొదటిరోజు మధ్యాహ్నానికే చిన్న చిన్న వీడియోలు తిరుగుతాయి. టికెట్టు మొదటిరోజుకి దొరక్కపోతే ఆ రెండు రోజులూ ఫోన్లో సినిమా గ్రూపులు మ్యూట్ చేసెయ్. డాలస్‌లో ఉన్న మీ అక్కకి కూడా ముందే చెప్పు. నువ్వు చూసింది ఆమెతో చెప్పకూడదు, ఆమెకి ఇంకా రాదు.

సీటు ముందు వరసల్లో వద్దు. ఈ సినిమాల్లో మెరుపులు, వేగంగా మారే రంగులు ఎక్కువ. దగ్గర్నుంచి చూస్తే బొమ్మ కుదురుగా కనపడదు. ఫిట్స్ ఇబ్బంది ఉన్నవాళ్లెవరైనా నీతో వస్తుంటే ముందే హెచ్చరించు. హాలు మధ్య నుంచి వెనక్కి మూడు నాలుగు వరసలు, నడిమి సీట్లు తీసుకో. రెండో సినిమా మొదటి వారంలో చాలాచోట్ల మాటలు సరిగా వినపడలేదని జనం ఫిర్యాదు చేశారు. మొదటి పది నిమిషాల్లో నీకూ అలా అనిపిస్తే ఇంటర్వెల్ దాకా ఓర్చుకోకుండా బయటికెళ్లి సిబ్బందికి చెప్పు. సౌండు పెంచమని అడగడం నీ హక్కు.

ఇంగ్లీషులో మొదటిసారి చూస్తే రెండోసారి తెలుగులో చూడు. రెండోది మన దేశంలో తెలుగుతో కలిపి పది భాషల్లో వచ్చింది. మాటల మీద నడిచే హాస్యం భాష మారితే ఎలా మారుతుందో ముంబాట్టన్ స్పైడర్-మ్యాన్ పవిత్ర్ దగ్గర బాగా తెలుస్తుంది. మైల్స్ "చాయ్ టీ" అంటే, చాయ్ అంటేనే టీ కదా అని పవిత్ర్ మండిపడతాడు. రోజూ చాయ్ తాగే మనకి ఆ చిరాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంకొక్క జాగ్రత్త. రెండో సినిమాకి థియేటర్లలో ఒకటికన్నా ఎక్కువ ప్రతులు నడిచాయి. కొన్ని షాట్లు, కొన్ని డైలాగులు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉన్నాయి. ఈసారి కూడా నీ స్నేహితుడు నువ్వు చూడని మాట ఏదో చెబితే అబద్ధమని కొట్టిపారెయ్యకు. ముందు ఏ హాల్లో చూశాడో అడుగు. సినిమా అయ్యాక ఇంటికొచ్చి నోటుబుక్కు తెరిచి, తీరిన బాకీల పక్కన టిక్కు పెట్టి, తీరనివి అలాగే ఉంచి, ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపు. తర్వాత మాట్లాడుకుందాం.

నీ మామయ్య