ఆలిస్ స్ప్రింగ్స్ వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అక్కా, దీనికి ఆస్ట్రేలియాలో ఎక్కడో ఎడారి మధ్య ఉద్యోగమట, డయాలసిస్ వార్డట, నువ్వైనా వద్దని చెప్పు" అన్నాడు. పదిహేడేళ్లు ఆ ఎర్రమట్టిలో నర్సుగా తిరిగొచ్చినదాన్ని, నేను వద్దంటానా? కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. గర్వమో భయమో తేలక తెల్లవారుజామున మూడింటికి లేచి కాఫీ పెట్టుకుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. రిజిస్ట్రేషన్ కాగితాలకి రెండేసి కాపీలు తీయించు. ఎడారి కదా అని స్వెటర్లు మానేయకు, జూన్, జూలై రాత్రుల్లో చలి సున్నా కిందికి దిగుతుంది. ఆవకాయ తీసుకెళ్తే దిగేటప్పుడు నింపే కార్డు మీద రాసి ఎయిర్‌పోర్టులో చూపించు, దాచావంటే జరిమానా వేస్తారు. పొద్దు వాలాక ఊరి బయట కారు తీయకు. ఇది మళ్లీ చెప్తాను, విసుక్కోకు.

నువ్వు వెళ్లే ఊరు అటు డార్విన్‌కి, ఇటు అడిలైడ్‌కి పదిహేను వందల కిలోమీటర్లు. నీ వార్డుకొచ్చే అబోరిజినల్, అంటే ఆ నేల మూలవాసుల, పేషెంట్లలో చాలామంది ఆ ఊరివాళ్లు కూడా కాదు. ఐదేసి వందల కిలోమీటర్ల అవతల నుంచి వచ్చి, వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగైదు గంటలు మిషనుకి కట్టుబడి ఉంటారు. కిడ్నీ పోయిందంటే ఊరూ పోయినట్టే. మనవలూ ఉండరు, తమ నేలా ఉండదు. అక్కడ నేల అంటే మనం అనుకునే పొలం పుట్రా కాదమ్మా, అది చుట్టం లాంటిది. దాన్ని వదిలేసి వస్తే దానికి కోపం వస్తుందని బెంగపడేవాళ్లను చూశాను. కింటోర్ అనే ఊరి వైపు ఉండే పింటుపి తెగవాళ్లు ఈ బాధ పడలేక 2000లో తాము గీసిన బొమ్మలు సిడ్నీలో వేలం వేసి పది లక్షల డాలర్లకు పైగా పోగుచేశారు. 2004లో తమ ఊళ్లోనే డయాలసిస్ పెట్టించుకున్నారు. ఇప్పుడు ఆలిస్‌లో ఉన్న పర్పుల్ హౌస్ అనే డయాలసిస్ సంస్థ అక్కడ మొదలైందే. "వీళ్లకి ఆరోగ్యం మీద శ్రద్ధ లేదు" అని టీ రూములో ఎవరో ఒకరు నీతో అంటారు. అన్న రోజున ఈ కథ చెప్పు. నేను చెప్పలేదు, నవ్వి ఊరుకునేదాన్ని.

ఇక నేను చేసిన వెధవ పని చెప్తాను. మీ నాన్నక్కూడా తెలియదు.

అక్కడికెళ్లిన రెండో ఏడు. ఊరి పేరూ ఆసుపత్రి పేరూ రాయను. శుక్రవారం సాయంత్రం ఎడారి లోపలి నుంచి ఒక పెద్దావిడను తెచ్చారు. షుగరు, మడమకి పుండు, ఎముక దాకా దిగింది. మర్నాడు శుభ్రం చేయాలి, ముందు సంతకం కావాలి. ఆవిడకి ఇంగ్లీషు నాలుగో భాషో ఐదో భాషో. దుబాసీ సర్వీసు నంబరు మా బల్ల పక్కన గోడకి అంటించే ఉంది. ఫోన్ చేస్తే ఓ పావుగంట ఆగాలి. నా చేతిలో ఇంకా ఏడుగురు పేషెంట్లున్నారు.

వరండాలో ఒక కుర్రాడు టోపీ చేత్తో పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ తాలూకు మనిషివా అంటే అవునన్నాడు. చక్కటి ఇంగ్లీషు. ఇంకేం, మంచం దగ్గరికి లాక్కొచ్చినంత పని చేశాను. అతను గుమ్మం దాటలేదు, అక్కడే ఆగి అటు తిరిగి నిలబడ్డాడు. ఆవిడ దుప్పటి తల మీదకి లాక్కుని గోడవైపు తిరిగిపోయింది. చెవుడేమో అనుకుని నేను గొంతు పెంచాను! కుర్రాడు ఎప్పుడు వెళ్లిపోయాడో కూడా చూడలేదు. కాగితం, పెన్నూ దుప్పటి అంచున పెట్టి "ఓకే? ఓకే?" అని మూడుసార్లు అడిగాను. లోపల్నుంచి "ఉవా" అంది. వాళ్ల భాషలో అవునని. నేనక్కణ్నుంచి కదలాలని ఆవిడ అవునంది, అంతే. సంతకం మాత్రం పెట్టలేదు. ఫైలు తీసి "పేషెంటు సహకరించడం లేదు" అని రాసి, టైము వేసి, తర్వాతి మంచానికి వెళ్లిపోయాను.

పొద్దున్నకి మంచం ఖాళీ. దుప్పటి నీటుగా మడతపెట్టి ఉంది.

మూడు వారాలకి ఫ్లయింగ్ డాక్టర్ విమానంలో తీసుకొచ్చారు. మోకాలి కింద దాకా కాలు తీసేశారు. ముందే ఉండిపోతే దక్కేదా అని సర్జన్‌ని అడిగితే ఆయన చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు.

మా ఆసుపత్రిలో అబోరిజినల్ పేషెంట్లకి తోడుగా ఉండే ఒకావిడ ఉండేది. టీలో చెంచా తిప్పుతూ, కోపం లేకుండా చెప్పింది. ఆ కుర్రాడు ఆవిడ అల్లుడు. అక్కడ అత్తా అల్లుడూ ఎదురుపడకూడదు, మాట్లాడుకోకూడదు. అది గౌరవం. అలాంటి ఇద్దర్ని నేను ఒక గదిలోకి తెచ్చి, ఆవిడ ఒంటి మీద పుండు గురించి అతని చేత చెప్పించబోయాను.

ఇందులో నన్ను చంపేసేది ఏమిటో తెలుసా? మా అమ్మమ్మ మా నాన్న ఎదుటికి ఎప్పుడూ రాలేదు. ఆయన వచ్చాడంటే తలుపు చాటుకి వెళ్లి, "అల్లుడుగారికి ఇంకాస్త నెయ్యి కావాలేమో అడగవే" అని నాతో అనేది. కాఫీ గ్లాసు నా చేతే పంపేది. మీ నాన్నకీ గుర్తుండే ఉంటుంది. చిన్నప్పుడంతా ఆ తలుపుకీ మా నాన్న కూర్చునే మంచానికీ మధ్య తిరిగినదాన్ని నేను. గుమ్మం దగ్గర అటు తిరిగి నిలబడ్డ మనిషిని చూసి ఆ తలుపు నాకు గుర్తు రావద్దూ? యూనిఫాం వేసుకోగానే మర్చిపోయాను. రంపచోడవరం ఏజెన్సీలో పనిచేసినప్పుడూ అంతే, కొండరెడ్ల ఆడవాళ్లు పురుడుకి ఆసుపత్రికి రారేం అని విసుక్కున్నానే తప్ప, ఎందుకు రారని ఒక్కర్తెనీ కూర్చోబెట్టి అడగలేదు.

ఆ ఫైల్లో నేను రాసిన ముక్క అలాగే ఉంది. ఆవిడ మొహం చూడకముందే ప్రతి కొత్త నర్సూ దాన్ని చదివేది. "తప్పు నాది, దుబాసీని పిలవలేదు" అని దాని కింద ఒక లైను రాసి ఉండాల్సింది. ధైర్యం చాల్లేదు. ఏ బీరువాలోనో ఇప్పటికీ ఉండే ఉంటుంది.

ఇప్పుడు నీకు "కల్చరల్ సేఫ్టీ" అని ట్రైనింగ్ ఇస్తారు. ఆస్ట్రేలియా నర్సుల కోడ్‌లో అది 2018 నుంచి ఉంది. మొదలుపెట్టింది న్యూజీలాండ్ వాళ్లు, ఇరిహాపేటి రామ్స్‌డెన్ అనే నర్సు, అక్కడి మూలవాసులైన మావోరీల ఆడపడుచు. 1992లో అక్కడి నర్సుల చదువులోకి తెచ్చారు. వాళ్ల ఆచారాలు పట్టీ వేసుకుని బట్టీ పట్టమని కాదు ఆవిడ చెప్పింది. నీ చేతిలో పెన్నుంది, తాళాలున్నాయి, నువ్వు నిన్ను చూసుకోమంది. నీ దగ్గర భద్రంగా ఉన్నామా లేదా అన్నది పేషెంటు చెప్పాలి, నువ్వు కాదు అంది. ట్రైనింగ్ ఒక పూటలో అయిపోతుంది, సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని ఫ్రేము కట్టించుకోకు.

చుట్టరికాల విషయంలో మాత్రం నీకు అక్కడి తెల్ల డాక్టర్ల కన్నా తేలిక. ఒక బిడ్డకి ముగ్గురమ్మలొస్తే వాళ్లు తికమకపడతారు, "అసలు తల్లి ఎవరు?" అని గద్దిస్తారు. మనకి పెద్దమ్మ, పిన్ని అమ్మలు కారూ? వాళ్లకీ తల్లి అక్కచెల్లెళ్లు అమ్మలే, తండ్రి అన్నదమ్ములు నాన్నలే. "కజిన్ బ్రదర్" అని వాళ్ల నోట వింటే నీకు కాకినాడలో ఉన్నట్టే ఉంటుంది, చూడు. పోయినవాళ్ల పేరు పైకి అనరు. అదే పేరున్న బతికున్న మనిషిని కూడా కొన్నాళ్లు "కుమన్జాయి" అని పిలుస్తారు. అందుకని వెయిటింగ్ హాల్లో పేరు పెట్టి కేకెయ్యకు, పక్కకెళ్లి ఎలా పిలవాలో అడుగు. రేషన్ షాపులో మా నానమ్మ తాతయ్య పేరు చెప్పలేక నన్ను ముందుకు తోసేది, అది తల్చుకో.

మిషను రోజున ఎవరైనా రాకపోతే "రాలేదు" అని రాసే ముందు, వాళ్లింట్లో ఎవరైనా పోయారేమో కనుక్కో. చావు పనులకి వారాలు పడుతుంది అక్కడ. ప్రశ్న అడిగాక నోరు మూసుకుని కూర్చో. నువ్వు మీ నాన్న కూతురివి, రెండు సెకన్లు నిశ్శబ్దం ఉంటే తట్టుకోలేవు.

బిడ్డని వార్డులో ఉంచమంటే తల్లి బిగుసుకుపోతే కోప్పడకు. దాదాపు 1970 దాకా సర్కారే అబోరిజినల్ పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకుపోయింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో దానికి క్షమాపణ చెప్తుంటే మా డయాలసిస్ గదిలో టీవీ పెట్టాం. మిషన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు టీ తిప్పుతూ చెప్పిన ఆవిడ ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని నిలబడింది. నేను వెళ్లి ఆయన మిషను గొట్టం చూసే నెపంతో అక్కడే తచ్చాడాను. ఏం మాట్లాడాలో తెలియలేదు, అదొక్కటే ఆ రోజు సరిగ్గా చేశాననుకుంటాను.

కారు సంగతి. పొద్దు వాలే వేళ కంగారూలు రోడ్డెక్కుతాయి. గుద్దితే కారు నుజ్జవుతుంది, ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. డిక్కీలో ఇరవై లీటర్ల నీళ్లు ఎప్పుడూ ఉంచు. ఆగిపోతే కారు వదిలి నడవకు, నడిచినవాళ్లే పోయారు. నవ్వకు, ఇది రాస్తుంటే నాకు చెయ్యి వణుకుతోంది.

చేరగానే ఫోన్ చెయ్యి. అక్కడ పొద్దున్న ఏడంటే ఇక్కడ తెల్లవారుజామున మూడు. ఫరవాలేదు, నేను లేచే ఉంటాను.

మీ అత్త