నడుం నొప్పికి రోజులు లెక్కపెట్టొద్దు

"మూడు వారాలుగా నడుం నొప్పి, కుడి కాలు కాస్త తిమ్మిరెక్కుతోంది. ఇంకెన్నాళ్లు చూసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?" అని అడిగారు. నన్నడిగితే రోజుల లెక్కే తప్పు. నొప్పితో పాటు ఇంకేం వచ్చిందో చూడాలి. మా అమ్మ విషయంలో మేం అది చూడలేదు.

మాది పల్నాడు. మిర్చి కోతల్లో వంగి వంగి అమ్మకు నడుం పట్టేసిందని అందరం అనుకున్నాం. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేసేవాడు. రెండు రోజులు లేచి తిరిగేది, మూడో రోజు మళ్లీ మంచం. ఇలా నాలుగు నెలలు.

మే నెలలో పిల్లల సెలవులకని ఊరెళ్లాను. అంత ఎండల్లోనూ సాయంత్రమయ్యేసరికి అమ్మ దుప్పటి కప్పుకుంటోంది. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా తగిలింది. కొప్పు ముడుచుకోవడానికి చేతులెత్తితే గాజులు మోచేతుల దాకా జారిపోయాయి. అంత చిక్కిపోయింది. "రాత్రిళ్లు పడుకుంటేనే ఎక్కువవుతోందే" అంది. పని చేసి వచ్చిన నొప్పయితే పడుకుంటే తగ్గాలి కదా! గుంటూరు తీసుకెళ్లి ఎమ్మారై తీయిస్తే వెన్నెముక టీబీ అని తేలింది. ఆ నాలుగు నెలల్లో ఒక్కసారి దగ్గింది లేదు.

మందులు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగానే ఇచ్చారు, ఏడాదికి పైగా వాడాం. మొదటి రోజు మూత్రం ఎర్రగా వచ్చేసరికి రక్తమేమోనని అమ్మ హడలిపోయింది. అది మాత్రల రంగేనని ముందే ఒక్క మాట చెప్పుంటే బాగుండేది.

ఆ నొప్పి ఇంజెక్షన్లంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. జబ్బును తగ్గించవు, జబ్బుందని తెలియనివ్వవు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు చేటు. ఇంకొందరేమో నడుం పట్టిన మర్నాడే స్కాన్‌కు పరిగెత్తి, రిపోర్టులో 'డిస్క్ బల్జ్' (వెన్నుపూసల మధ్య మెత్త కాస్త బయటికి ఉబ్బడం) అని చూసి టెన్షన్ పడతారు. నొప్పి లేనివాళ్లకు తీసినా చాలామందిలో అది కనిపిస్తుంది. మామూలు పట్టు అయితే మంచానికి అతుక్కుపోకుండా తిరుగుతుంటే చాలావరకు కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

కీళ్లకూ ఇదే మాట. ఒక్క మోకాలే ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, జ్వరం కూడా వస్తే ఆ రోజే వెళ్లాలి. పొద్దున లేచాక వేళ్లు గంటసేపు బిగుసుకుపోవడం వారాల తరబడి ఉంటే దాన్ని వయసు మీదకు నెట్టేయొద్దు.

ఇక మీ తిమ్మిరి. కుడి మడమ మీద నాలుగడుగులు వేసి చూడండి. పాదం ముందు భాగం పైకి లేవకపోయినా, నడుస్తుంటే చెప్పు జారిపోతున్నా రేపటిదాకా ఆగొద్దు. కూర్చునే చోట మొద్దుబారినా, మూత్రం రాక ఆగిపోయినా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇవేవీ లేకపోతే ఈ వారంలో ఎముకల డాక్టర్‌కి ఒకసారి చూపించుకోండి.